పుర్రె విప్పే చేతులు

(అంబేద్కర్ జయంతి సందర్భంగా పల్లెలో జరిగిన సభలో, మెదడు జబ్బుల మీద పరిశోధన చేస్తున్న మన విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



మమ్మల్ని ఏం చదువుతున్నారని ఊళ్ళో అడుగుతుంటారు. మెదడు జబ్బుల మీద పిహెచ్‌డి చేస్తున్నాం అంటే, "అంటే పిచ్చి డాక్టర్లా?" అంటారు. కాదంటాం. "మరి సూది వేస్తారా?" అంటారు. మనుషులకు వెయ్యం, ఎలుకలకు వేస్తాం అంటాం. అక్కడితో మామీద ఉన్న గౌరవం సగం పోతుంది. నవ్వండి, తప్పేం లేదు. డిగ్రీ మూడేళ్ళు, ఎమ్మెస్సీ రెండేళ్ళు, ఆపైన ఇంకో ఐదారేళ్ళు. ముప్ఫయ్యేళ్ళు దగ్గరపడ్డా ఎలుకల్ని పట్టుకు కూచున్న కొడుకును చూస్తే, కూలికి పోయి సాకిన తల్లికి ఏమనిపిస్తుందో మాకు తెలుసు. పక్కింటి కుర్రాడు డిగ్రీ కాగానే ఏదో కొలువులో చేరి ఇంటికి స్లాబు వేసుంటాడు. "ఇక చాల్లే, వచ్చెయ్" అని ఫోన్లు మొదలవుతాయి. అట్లా మధ్యలో వచ్చేసినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పై కులాల ఇళ్ళల్లో తాత ప్రొఫెసరు, తండ్రి సైంటిస్టు. మనవడు ప్రయోగశాలలో ఏడేళ్ళు కూచున్నా ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. ఆ పని విలువ ఆ ఇంటికి తెలుసు. మన ఇంటికి తెలియనివ్వలేదు. అందుకని ఈ పూట ఆ ఎలుకల సంగతే చెప్తాం.

ముందు మెదడు గురించి రెండు మాటలు. మనిషి మెదడు కిలో మూడొందలు, నాలుగొందల గ్రాములు తూగుతుంది. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే గానీ, ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నూటికి ఇరవై వంతులు అదే లాక్కుంటుంది. కూర్చుని తినే దొరలాగుందే అనుకోకండి, ఇది నిద్రలో కూడా పని చేస్తుంది.

ముఖంలోంచి ఒకడు పుట్టాడు, భుజాల్లోంచి ఒకడు, తొడల్లోంచి ఒకడు, పాదాల్లోంచి ఒకడు అని రాసుకున్నారు. మనకైతే ఆ ఒంట్లో చోటే దొరకలేదు. తర్వాత తెల్లదొర రిస్లీ వచ్చి, 1901 జనాభా లెక్కల కాలంలో, ముక్కు సన్నగా ఉన్నకొద్దీ కులం పెద్దదని కొలతబద్ద పెట్టి తేల్చాడు. బాబాసాహెబ్ 1948లో తెచ్చిన అంటరానివాళ్ళ గురించిన పుస్తకంలో ఆ ముక్కుల లెక్కల్నే తీసుకుని ఆ సిద్ధాంతాన్ని పడగొట్టాడు. సూక్ష్మదర్శిని కింద పెట్టిన మెదడు ముక్క ఏ కులంవాడిదో చెప్పగల మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

మెదడు అడుగుభాగాన నల్లటి పొర ఒకటి ఉంటుంది. లాటిన్‌లో దాని పేరుకు అర్థమే 'నల్ల పదార్థం'. పెద్దయ్యేకొద్దీ అది నల్లబడుతుంది, ఎంత తెల్లతోలు మనిషికైనా సరే. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు చచ్చిపోయి ఆ నలుపు వెలిసిపోతే చెయ్యి వణుకుతుంది, అడుగు పడదు, ముఖం బిగుసుకుపోతుంది. వణుకుడు జబ్బు అంటామే, పార్కిన్సన్స్, అది ఇదే. సగానికి పైగా కణాలు పోయాకగానీ వణుకు బయటపడదు. నలుపు పోతే మనిషికి కదలిక లేదు. ఉద్యమం కోసం మేం కల్పించిన మాట కాదిది, వైద్యం పుస్తకాల్లో ఉన్నదే. చేలగట్ల మీద దూలగొండి కాయ మీకు తెలుసు, తగిలితే గోక్కోలేక చస్తాం. దాని గింజల్లోంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు వేరుచేసి చూపించారు. ఇవ్వాళ పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మాత్రలో ఉండేది ఆ పదార్థమే. గింజలు నమలమని చెప్పటం లేదు, ఎవరూ ఆ పని చెయ్యకండి.

ఇక పుర్రె సంగతి. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా అనే పండితుడు శవాన్ని కోశాడు. కులం కట్టు తెంచిన ధీరుడని చరిత్రల్లో రాస్తారు. ఆరోజు ఫోర్ట్ విలియం కోటలో ఫిరంగులు పేల్చి గౌరవించారని కూడా చెప్పుకుంటారు. ధైర్యమే, కాదనం. కానీ చూడండి, శవాన్ని ముట్టుకున్నందుకు ఒకరికి ఫిరంగుల వందనం. అదే శవాన్ని తరతరాలుగా ముట్టుకున్నందుకు మనకు ఊరి బయట ఇల్లు. చచ్చిన గొడ్డును కోసి తోలు తీసిన మాదిగ తాతకి ఏ కండ ఎక్కడ అతుక్కుందో, ఏ నరం ఎటు పోతుందో వేళ్ళకి తెలుసు. ఆ తెలివిని రాసుకోటానికి ఆయన చేతికి పలక ఇవ్వలేదు, అంతే. ఇప్పటికీ ఎన్నో సర్కారు ఆసుపత్రుల మార్చురీల్లో పుర్రెను కోసి మెదడును బయటికి తీసి బల్లమీద పెట్టేది మనవాడే. డాక్టరు కాస్త దూరంగా నిలబడి చూసి కాగితం రాస్తాడు. చెయ్యి మనది, సంతకం ఆయనది.

పరిశోధనశాలల్లోనూ ఇదే వరస. ఎలుకల పంజరాలు కడిగేది, పొట్టు మార్చేది, చచ్చిన ఎలుకల్ని సంచుల్లో కట్టి మోసేది ఎవరో, వాళ్ళ ఇళ్ళు ఏ వాడలో ఉన్నాయో చేరిన మొదటి వారంలోనే మాకు తెలిసిపోయింది. వాళ్ళతో కూచుని టీ తాగుతుంటే తోటి స్కాలర్లు వింతగా చూశారు. పంజరం కడిగే గదికీ సూక్ష్మదర్శిని ఉన్న గదికీ మధ్య దూరం ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు నడవటానికి మనకు ఎన్ని తరాలు పట్టిందో మీకు మేం చెప్పక్కర్లేదు.

సరే, ఆ గదిలో మేం చేసేదేమిటి? ఎలుకకు వణుకుడు జబ్బు దానంతట అది రాదు. మనం తెప్పించాలి. విషం పెట్టి తెప్పిస్తారు. ఏ విషమో వినండి. రోటెనోన్ అని, చేలల్లో పురుగులకూ చెరువుల్లో చేపల్ని చంపటానికీ వాడిన మందు ఒకటుంది. దాన్ని రోజూ కొద్దికొద్దిగా ఎక్కిస్తే ఎలుక మెదడులో ఆ నల్లభాగపు కణాలు చచ్చిపోతాయని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. ఇంకొన్ని చోట్ల పారాక్వాట్ వాడతారు. అదేదో పరాయి పేరనుకోకండి. మీరు గడ్డిమందని కొట్టేవాటిలో అదొకటి.

ఎలుక మెదడు రెండు గ్రాములుంటుంది. దాన్ని గడ్డకట్టించి, తలవెంట్రుక మందంలో సగం ఉండే పొరలుగా కోస్తాం. ఆ పొరల్ని రంగుల్లో ముంచి సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ కణం బతికింది, ఏది చచ్చింది అని లెక్క పెడతాం. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా లెక్కే. రంగు సరిగ్గా పట్టకపోతే మూడు నెలల పని చెత్తబుట్టలోకి పోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. నాటు వేసే అక్కలకి అర్థమవుతుంది, వంచిన నడుం ఎత్తటానికి లేని పని. ఏళ్ళ తరబడి ఇట్లా చేస్తే ఒక చిన్న సంగతి తేలుతుంది. ఈ విషం కణంలో ఏ భాగాన్ని ముందు దెబ్బ తీస్తుంది, దాన్ని ఆపే దారి ఉందా అన్నంత చిన్న సంగతి. మందులు పుట్టేది అట్లాంటి చిన్న సంగతులు వేలకొద్దీ కలిస్తేనే. అందుకే అన్నేళ్ళు. బద్ధకం వల్ల కాదు.

ఎన్ని ఎలుకలు కావాలి, ఎందుకు కావాలి, నొప్పి తగ్గించటానికి ఏం చేస్తావు అని మేం ఒక కమిటీకి రాసివ్వాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద వచ్చిన ఏర్పాటు అది. మంచిదే, ఉండాల్సిందే. చేతికి తొడుగు లేకుండా ఆ విషం సీసా ముట్టుకోకూడదని కూడా మాకు నియమం. మరి అదే జాతి మందుల్ని వీపున డబ్బా కట్టుకుని, చిరిగిన చొక్కాతో, గాలికి ఎదురుపోయి కొట్టే కూలికి ఏ కమిటీ ఉంది? ఎలుకకు ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కిందో మా నోటుబుక్కులో ఉంటుంది. మా నాయనలకి ఎంత ఎక్కిందో ఎక్కడా లేదు.

పారాక్వాట్ కొట్టినవాళ్ళలో పార్కిన్సన్స్ ఎక్కువగా కనబడిందని బయటి దేశాల్లో వ్యవసాయదారుల మీద తీసిన కొన్ని లెక్కలు చెప్తున్నాయి. అదే కారణమని అందరూ ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది. ఐరోపా యూనియన్ 2007లోనే దాన్ని ఆపేసింది. మన పత్తిచేలల్లో, మిరపచేలల్లో మందుకొట్టే కూలీల ఇళ్ళకు పోయి "ఎన్నేళ్ళు కొట్టావు మామా, ఎప్పట్నుంచి వణుకుతోంది?" అని అడగాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? ఆ చేతిలోంచి అన్నం ముద్ద జారటం ఇంట్లో చూసినవాడికి ముందొస్తుంది.

ఇది ఉట్టి ఆవేశం అనుకునేవాళ్ళకి కేసరిపప్పు కథ చెప్పాలి.

కేసరిపప్పు కందిపప్పులాగే ఉంటుంది. వానలు లేకపోయినా పండుతుంది, నీళ్ళు నిలిచినా పండుతుంది. కరువులో అన్నీ ఎండిపోయినా అదొక్కటీ నిలబడుతుంది. అప్పుడప్పుడు తింటే ఏం కాదు. రెండు మూడు నెలలు అదే తిండి అయితే కాళ్ళు పడిపోతాయి. ముందు పిక్కలు పట్టేస్తాయి. తర్వాత కాళ్ళు కత్తెరలాగ ఒకదానికొకటి అడ్డం పడతాయి, మునివేళ్ళ మీద నడక వస్తుంది. ఒక కర్ర, తర్వాత రెండు కర్రలు, ఆ తర్వాత పాకటం. ప్రాణం పోదు, తెలివి పోదు. కాళ్ళు తిరిగి రావు. సాగర్ ప్రాంతంలో వరసగా పంటలు పోయి జనం ఈ గింజలు తిని నడుం కింద చచ్చుబడిపోయారని స్లీమన్ అనే తెల్ల అధికారి 1844లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అంటే రోగం ఏమిటో, ఏ గింజవల్లో అప్పటికే తెలుసు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా మనుషులు పాకుతూనే ఉన్నారు.

విషం ఏమిటో 1964లో తేలింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఆ గింజలోంచి దాన్ని వేరుచేశారు. ఓడాప్ అంటారు. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపటానికి గ్లూటమేట్ అనే పదార్థాన్ని వాడుతుంది. ఈ విషం అచ్చం దాని వేషమేసుకుని వచ్చి తలుపు తడుతుంది. కణం నిజమైన కబురే అనుకుని తలుపు తీస్తుంది. కబురు ఆగదు, కణం అలిసి అలిసి చచ్చిపోతుంది. కాళ్ళను కదిలించే దారిలోని కణాలకు పట్టిన గతి ఇది. ఎస్.ఎల్.ఎన్. రావు తర్వాత మన ఉస్మానియాలో కూడా దీనిమీదే పనిచేశారు. గొప్ప పని, మేం దాన్ని చదువుకునే పెరిగాం.

అయితే ఆ పప్పు నెలల తరబడి ఎవరు తిన్నారు? ఎందుకు తిన్నారు? మధ్యప్రదేశ్‌లో రీవా ప్రాంతంలో భూస్వాములు గోధుమలు అమ్ముకుని, వెట్టి పాలేర్లకు కూలి కింద కేసరిపప్పు కొలిచారు. కూలి అదే, తిండి అదే, విషం అదే. కాళ్ళు పోతాయని పాలేరుకి తెలియక కాదు. ఇంకోటి తినటానికి లేక. పప్పును వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే విషం చాలావరకు పోతుందని సైన్సు చెప్పింది. నీళ్ళు ఎక్కడివి, కట్టెలు ఎక్కడివి, నానబెట్టే తీరిక ఎక్కడిది? 1961లో కల్తీ నిరోధక చట్టం కింద దాని అమ్మకం నిషేధించారు. అమ్మటం నిషేధం, పండించటాన్ని చాలాచోట్ల ఎవరూ ఆపలేదు. కూలి కింద కొలవటానికి దుకాణం అక్కర్లేదు కదా. వెట్టి రద్దు చట్టం 1976 దాకా రాలేదు. గింజలోని విషాన్ని పట్టుకోటానికి సూక్ష్మదర్శిని చాలింది. కొలపాత్రలోని విషాన్ని పట్టుకోటానికి ఆ పాత్ర ముందు తట్ట పట్టి నిలబడ్డ ఇంటి మనిషి కూడా ఆ గదిలో ఉండాలి.

మురుగు గుంటల సంగతి ఇంతకన్నా చేదు. అక్కడ చంపేది హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా ఉంటే కుళ్ళు కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కులోని వాసన నరమే మొద్దుబారిపోతుంది, వాసన లేదు కదా అని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. మెదడు కాండంలో ఊపిరిని నడిపే చోటు ఆగిపోతుంది, రెండు మూడు గుక్కల్లో పడిపోతాడు. పైకి లాగటానికి దిగిన తమ్ముడూ పడిపోతాడు. 2013లో చట్టం వచ్చింది, 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ళ ఇంటికి పది లక్షలన్నది, 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. మరి బతికి బయటపడినవాళ్ళు? ఆక్సిజన్ అందక దెబ్బతిన్న మెదడుతో మాట తడబడుతూ, జ్ఞాపకం జారిపోతూ, "వీడికి తాగుడెక్కువైంది" అనిపించుకుంటూ తిరిగేవాళ్ళు? శాశ్వతంగా పనికి దూరమైతే ఇరవై లక్షలకు తగ్గకూడదని అదే తీర్పులో ఉంది. ఆ వైకల్యం మెదడులో ఉందని పరీక్ష చేసి రాసేవాడు లేకపోతే ఆ పైసలు ఎట్లా వస్తాయి?

మూర్ఛ గురించి ఒక్కమాట. దేశంలో కోటిమందికి పైగా ఉందని అంచనా. దానికో కారణం బద్దెపురుగు. పందిమాంసం తినేవాళ్ళకే వస్తుందని మనల్ని వేలెత్తి చూపిస్తారు. సరిగ్గా ఉడకని మాంసంతో పురుగు పేగుల్లో చేరటం నిజమే. కానీ మెదడులోకి పోయి తిత్తి కట్టి ఫిట్స్ తెప్పించేవి దాని గుడ్లు. ఆ గుడ్లు మనిషి మలంతో బయటికొచ్చి నీళ్ళమీద, ఆకుకూరలమీద చేరతాయి. జన్మలో మాంసం ముట్టని పంతులుగారికీ వస్తుంది. తప్పు కూరది కాదు, మరుగుదొడ్డి లేనితనానిది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తర్వాత ఆసుపత్రికి తీసుకుపోండి. మూర్ఛ ఉందన్న సాకుతో పెళ్ళి రద్దు చేసుకునే వీలును 1999లోనే చట్టంలోంచి తీసేశారని కూడా తెలుసుకోండి. ఆ సాకుతో పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు మన వాడల్లో ఉన్నారు.

ఇప్పుడు కార్యకర్తలు చెవి పెట్టి వినాల్సిన సంగతి. 2006 నాటి కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల చట్టంలో మనకు నూటికి పదిహేను సీట్లు అని రాశారు. అదే చట్టం వెనకాల ఒక పట్టిక పెట్టి ఎనిమిది సంస్థలకు మినహాయింపు ఇచ్చారు. ఆ ఎనిమిదిలో హర్యానాలోని మానేసర్‌లో ఉన్న నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఒకటి. దేశంలో మెదడు పరిశోధన కోసమే సర్కారు సొమ్ముతో పెట్టిన సంస్థ అది. దాని చేరికల్లో రిజర్వేషన్ పెట్టక్కర్లేదని పార్లమెంటే రాసిచ్చింది. మెదడు దగ్గరకొచ్చేసరికి చట్టానికి కూడా ముఖమూ పాదాలూ గుర్తొచ్చాయి.

దారి లేదని కాదు. బెంగళూరులో నిమ్‌హాన్స్ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఉంది. మన హైదరాబాద్‌లో సిసిఎంబి ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. జువాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళే కాదు, ఫిజిక్సు, సైకాలజీ, కంప్యూటర్లు చదివినవాళ్ళకి కూడా ఈ పనిలో చోటుంది. నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు. మనవాళ్ళకి ఎమ్మెస్సీలో యాభై శాతం చాలు, జె.ఆర్.ఎఫ్. వయసులో ఐదేళ్ళ సడలింపు ఉంది. 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 చేశారు, ఇంటద్దె అదనం. ఎస్సీ విద్యార్థులకు విడిగా ఒక ఫెలోషిప్ 2005-06 నుంచి ఉంది. ఆడపిల్లలకు గడువు మీద రెండేళ్ళు అదనం, కాన్పుకు, పిల్లల సాకుడుకు 240 రోజుల సెలవు 2022 నిబంధనల్లోనే ఉంది. కాబట్టి "పెళ్ళయితే చదువు ఆగిపోతుంది" అని ఎవరైనా అంటే ఆ కాగితం చూపించండి.

కాగితం మీద ఉన్నది చేతికి రావటం వేరే కథ. మాలో ఒకరికి ఎనిమిది నెలలు డబ్బు రాలేదు. మెస్సు బాకీ పెరిగింది. గైడు మొహం చూసి మాట్లాడటం మానేశాడు. వారం వారం సెమినార్లో మన ఇంగ్లీషు విని నవ్వినవాళ్ళున్నారు, నెట్‌లో ర్యాంకు ఎంతని కాకుండా ఏ కోటా అని అడిగినవాళ్ళున్నారు. 2016 జనవరి 17 తర్వాత హైదరాబాద్‌కి పిల్లల్ని పంపాలంటే తల్లులకు వణుకే. రోహిత్ వేముల కూడా జీవశాస్త్రాల చదువుతోనే మొదలుపెట్టినవాడు, నెలల తరబడి ఫెలోషిప్ అందనివాడు. ఆ భయాన్ని తీసిపారెయ్యమని మేం చెప్పం. భయపడ్డ తల్లి ఫోన్ చేసి "వచ్చెయ్" అంటుంది. ఆ ఫోనుకు ముందే సంఘం ఫోన్ చేసి "ఈ నెల మెస్సు డబ్బు మేం కడతాం, నువ్వు లెక్క పూర్తి చెయ్" అనాలి.

అందుకని అడిగేవి అడిగేస్తాం. మండలానికో చిన్న నిధి పెట్టండి, ఫెలోషిప్ ఆగిన నెలల్లో అప్పుగా ఇవ్వటానికి. డబ్బు రాగానే తిరిగి కడతారు, దానికి మా పూచీ. ఆ ఎనిమిది సంస్థల పట్టికను రద్దు చెయ్యాలని మన తీర్మానాల్లో చేర్చండి. ఇప్పటిదాకా హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పుల దగ్గరే ఆగిపోతున్నాం. మందుకొట్టే కూలీలు ఎవరెవరు, ఎన్నేళ్ళుగా, ఏ మందు, చేతి వణుకు ఉందా అని వాడవాడకూ ఒక పుస్తకం పెట్టి రాయండి. ఎట్లా రాయాలో మేం వచ్చి చూపిస్తాం. పొరపాటున కూడా ఊహించి రాయొద్దు, మనిషిని చూసి, అడిగి రాయండి. మురుగు పనిలో పడిపోయి బతికినవాళ్ళ పేర్లు కూడా.

సభ అయ్యాక మేం ఇక్కడే బడి వరండాలో కూచుంటాం. బియ్యస్సీ, ఎమ్మెస్సీ చదివే పిల్లల పేర్లు రాసుకుంటాం. నెట్ పుస్తకాలు ఆరు సెట్లు తెచ్చాం, అంతకన్నా ఎక్కువమంది ఉంటే పంచుకుని చదువుకోవాలి. వణుకుతో ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే మమ్మల్ని తీసుకుపోండి. మందులు ఇవ్వలేం, డాక్టర్లం కాదు. ఏ ఆసుపత్రిలో ఏ విభాగానికి పోవాలో కాగితం మీద రాసిస్తాం.

జై భీమ్.